మా ముగ్గురిలో ఒకరు

హారిసన్, కాన్‌బెర్రా
9 జూన్ 2025

ఒరే చలపతీ,

రాజుగారి పుట్టినరోజని ఇవాళ సెలవిచ్చారు. ఏ రాజైతేనేం, కాగితం ముందు కూర్చునే తీరిక దొరికింది. మీ గుడి క్వార్టర్స్ గోడలు అట్టముక్కల్లాంటివనీ, ఈ పక్క దగ్గితే ఆ పక్కవాళ్ళు మంచినీళ్ళు తెస్తారనీ, నీ ఫోను సగం రోజు మీ అమ్మాయి రుచిత చేతిలోనే ఉంటుందనీ, అసలు మాట ఏదైనా ఉంటే ఉత్తరం రాయమనీ అన్నావు. ఇది అసలు మాటే.

ముందు నీకు క్షమాపణ చెప్పుకోవాలి. వివేక్ మా యూనివర్సిటీ పిల్లాడు. సెలవులకు సిడ్నీ వచ్చి, సముద్రం ఒడ్డున రాళ్ళ మీద నుంచి జారిపడి చనిపోయాడు. తల్లిదండ్రులు నిజామాబాద్‌లో ఉన్నారు. వీసా దొరికేదాకా ఆగలేక ఇక్కడే కానిచ్చేయమన్నారు. మంత్రం చెప్పేవాళ్ళు ఎవరూ దొరక్క, ఏడుస్తూ నీకు ఫోన్ చేశాను. "స్వామిని తాకే చేతులక్కా ఇవి. గుడి అర్చకుడు చావు కర్మ చేయించకూడదని నీకు తెలీదా?" అన్నావు. కోపం వచ్చి ఫోను పెట్టేశాను. ఆ రోజంతా నిన్ను తిట్టుకున్నాను కూడా.

శుక్రవారం సుబ్బు ఫోన్ చేశాడు. వివేక్‌తో గది పంచుకున్నవాడు, కర్తగా నిలబడింది కూడా అతనే. క్రిమటోరియంకి ఒక పంతులుగారు వచ్చారట. పేరు చెప్పలేదట. వీడియోలో ఏడుస్తున్న తండ్రి చేత కూడా గోత్రం, పేరు చెప్పించి, గంటంబావు సేపు ఒక్క మంత్రం వదలకుండా జరిపించి, టీ అయినా ముట్టకుండా వెళ్ళిపోయారట. ఒంటి మీద నల్ల కోటు, చెవుల దాకా మెరూన్ రంగు ఉన్ని టోపీ. సుబ్బు ఫొటో పంపాడు. వెనక నుంచి తీసింది, ముఖం లేదు. ముఖం ఎందుకురా నాకు? ఆ టోపీ అల్లి నీకు పంపింది నేనే. ఎడమ పక్క ఒక వరస తప్పడం కూడా కనిపిస్తూనే ఉంది.

నోటితో కాదని, కాళ్ళతో వెళ్ళావన్న మాట. నిన్ను చూసి ఇంత గర్వపడ్డ రోజు నాకు గుర్తులేదు.

నేను చదివే, పాఠాలు చెప్పే ఈజిప్టు పూజారుల సంగతి ఎత్తితే నువ్వెప్పుడూ నవ్వుతావు. ఈసారి నవ్వకుండా విను. రెండు వేల ఏళ్ళ కిందట ఆ గుళ్ళలో పూజారులు తమలో తాము సంఘాలు కట్టుకునేవారు. కలిసి తినేవారు, కలిసి తాగేవారు (ఈ మాట మీ పెద్ద అర్చకులు ద్వారకానాథాచార్యుల గారి చెవిన వేయకు). నియమాలు రాసుకునేవారు. సంఘంలో ఎవరైనా పోతే మిగిలినవాళ్ళు శవం వెంట నడవాలి, నడవనివాడికి శిక్ష. ఒకడు తగువులో ఇరుక్కుంటే మిగిలినవాళ్ళు పక్కన నిలబడాలి. తోటివాడి మీద అధికారులకు చాడీలు మోయకూడదు. తర్వాత రోమ్ వాళ్ళు వచ్చి పైనుంచి ఇంకో రకం నియమాలు దించారు. ఏటా పూజారుల జాబితా రాసివ్వాలి, తల గొరిగించుకోవాలి, ఉన్ని వేసుకోకూడదు, గుడి పని తప్ప వేరే పని చేయకూడదు. చావు దగ్గరికి వెళ్ళడమే వాళ్ళ సంఘం మొదటి ధర్మం. మనకేమో అదే మైల. నువ్వు ఆ రెంటి మధ్య గీత దాటి వెళ్ళావు.

మీ బావ మోకాలి ఆపరేషన్ ఈ నెల ఇరవయ్యేడున. మరదలు ఉదయశ్రీని అడిగానని చెప్పు.

అక్క,
ఆండాళ్


గుడి క్వార్టర్స్, బ్లాక్‌టౌన్
14 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం గురువారం అందింది. ఉదయశ్రీకి చూపించలేదు, పెట్టె అడుగున పెట్టాను. నీ మాటలకు ఏం జవాబు రాయాలో తెలియడం లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ సంగతి ఇక ఎవరితోనూ అనకు, మెచ్చుకోవడానికైనా సరే.

ఎందుకంటే ఇక్కడ నిప్పు అంటుకుంది. సుబ్బు నీకు పంపిన ఫొటోనే అతని స్నేహితుడొకడు తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాడు. "దేవుడిలా వచ్చిన ఈ పంతులుగారెవరో చెప్పండి, కాళ్ళకు దండం పెట్టుకుంటాం" అని. చెప్పేవాళ్ళకేం కొదవ? టోపీ కింద నుంచి కనబడే పిలక చూసి, ఇది మన గుడి అర్చకులే అని పట్టేశారు. రెండు రోజుల్లో అది కమిటీ చేతికి వచ్చింది.

మా అధ్యక్షుడు డాక్టర్ ఈశ్వరప్రసాద్ గారు నీకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడున్న గుండె డాక్టరు, ఈ గుడికి పునాది తవ్విన మనిషి. చెడ్డవాడు కాదు. కానీ నియమం దగ్గర ఇనుము. చావు మైల తగిలినవాడు శుద్ధి లేకుండా గర్భగుడిలోకి వెళ్ళి ఉంటే గుడి మొత్తానికీ సంప్రోక్షణ చేయించాలంటున్నారు. మా ముగ్గురు అర్చకులూ వేరువేరుగా రాతపూర్వకంగా జవాబివ్వాలట. గడువు ఇరవయ్యెనిమిది. మర్నాడు ఆదివారం కమిటీ సమావేశం.

మా ముగ్గురిలో ఒకరు వెళ్ళారు. అంతవరకే వాళ్ళకు తెలుసు.

ముగ్గురం అంటే, పెద్దాయన ద్వారకానాథాచార్యుల గారు, డెబ్బై ఒకటి దాటాయి, చేతికర్ర లేకుండా నడవలేరు. తర్వాత నేను. తర్వాత కిట్టు, వరంగల్ వైపు కుర్రవాడు, వచ్చి రెండేళ్ళయింది. ముగ్గురం స్వామి ముందు ఒక మాట అనుకున్నాం, మాలో మాకు ఏం జరిగినా అది కమిటీ గడప ఎక్కకూడదని. నీ ఈజిప్టు వాళ్ళలాగే. రాసుకోలేదు, అంతే తేడా.

మా వీసాలు గుడి ఇచ్చిన కాగితం మీద నిలబడి ఉన్నాయి. మా కుటుంబం శాశ్వత నివాసం అర్జీకి కూడా ఈ నెలలోనే గుడి ఉత్తరం కావాలి. రుచిత తొమ్మిదో తరగతి. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లను ఇప్పుడు తీసుకెళ్ళి బాపట్ల బడిలో కూర్చోబెట్టగలనా?

ఈ నాలుగు రోజులూ ఫోన్ చేయకు. గోడకు చెవులున్నాయి.

నీ తమ్ముడు,
చలపతి


హారిసన్
19 జూన్ 2025

నాయనా చలపతీ,

 నా కన్నీళ్ళ కోసం వెళ్ళి నువ్వు ఉచ్చులో పడ్డావు. "మా ముగ్గురిలో ఒకరు" అని రాశావు గానీ "నేను" అని రాయడానికి నీకు చేయి రాలేదు. 

నీ ఉత్తరం చదివాక పాత పుస్తకం ఒకటి తీసి కూర్చున్నాను. క్రీస్తు శకం నూట యాభై తొమ్మిది ప్రాంతంలో ఈజిప్టులో ఒక మొసలి దేవుడి గుడి ఉండేది. పనెఫ్రెమ్మిస్ అని, పేరు పలికేసరికి పళ్ళూడతాయి, ఒక పూజారి. అతని మీద ఎవరో రోమ్ అధికారులకు చాడీ చెప్పారు, జుట్టు పెంచుతున్నాడు, ఉన్నిబట్టలు వేసుకుంటున్నాడు అని. అధికారులు ఏం చేశారో తెలుసా? అతన్ని అడగలేదు. గుడిలోని ఐదు వర్గాల పెద్ద పూజారులను అడిగారు. మీవాడి గురించి ఈ మాట నిజమా కాదా, రాసివ్వండి అని. ఆ ఐదుగురూ జవాబు మొదలుపెట్టారు. మా తోటి పూజారి ఫలానా గురించి మీరు అడిగినదానికి... అంతే, అక్కడ కాగితం పోయింది. ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ తరగతిలో దాన్ని నవ్వుతూ చెప్పాను. నిన్న నవ్వు రాలేదు.

నీ పక్కన నిలబడాల్సింది ముందు నేను. ఈశ్వరప్రసాద్ గారికి నేనంటే గౌరవం ఉంది, ఉగాది సభలో నా ప్రసంగానికి ఆయనే అధ్యక్షులు. ఈ సాయంత్రం ఆయనకు మెయిల్ రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పి, తప్పు నా మీద వేసుకుంటాను. వాళ్ళు పట్టుకునేదాకా ఆగేకంటే మనమే ముందు చెప్పినదానికి విలువ ఉంటుంది. నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే ఈ ఉత్తరం నీకు చేరేలోపే ఆ పని అయిపోతుంది.

ధైర్యంగా ఉండు. అన్నం మానేయకు.

అక్క


క్వార్టర్స్
20 జూన్ 2025

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేలోపు ఇది రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేను. ఫోన్లో చెప్పే మాట కాదిది.

క్రిమటోరియంకి వెళ్ళింది నేను కాదు. కిట్టు.

నువ్వు ఫోన్లో ఏడ్చినప్పుడు నేను స్పీకర్ పెట్టుకుని కొబ్బరి కోరుతున్నాను. గోడవతల కిట్టుకి అంతా వినిపించింది. మర్నాడు పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, నువ్వు కాదంటివి గదా. నేను పోతే ఏమన్నా అంటవా?" అని అడిగాడు. నేను వెళ్ళమనలేదు, వద్దనలేదు. చలి కోస్తోంది, చెవులు కప్పుకోమని నీ టోపీ తీసి ఇచ్చాను. నా కారు తాళాలు బల్ల మీద పెట్టి స్నానానికి పోయాను. కిట్టు తిరిగి వచ్చాక తలారా స్నానం చేసి, జ్వరమని చెప్పి పడుకున్నాడు. శుద్ధి అయ్యేదాకా గర్భగుడి గడప తొక్కలేదు. అతని వంతు అర్చనలన్నీ నేనే చేశాను. గుడికి ఏ మైలా అంటలేదు. ఆ మాట చెప్పాలంటే ముందు అతని పేరు చెప్పాలి, అదీ చిక్కు.

నీ మొదటి ఉత్తరం చూడగానే నేను కాదని రాయాల్సింది. ఎందుకు రాయలేదో చెబుతాను, తిట్టుకో. నువ్వు నన్ను మెచ్చుకుని ఎన్నేళ్ళయింది? నువ్వు పెద్ద చదువులు చదివి దేశాలు తిరిగావు. నేను నాన్న పట్టిన గంటే పట్టుకున్నాను. ఇంట్లో మంచి మాటలన్నీ నీ వాటాకే పోయేవి. ఒక్కసారి నా వాటాకి వచ్చింది. అది నాది కాదని తెలిసీ తిరిగిచ్చేయ బుద్ధి కాలేదు.

ఈ మాట నీ దగ్గరే ఉండనీ. ముగ్గురం కూడబలుక్కున్నాం, ఎవరికి వాళ్ళం "నాకు తెలియదు" అని రాసిస్తాం. ముఖం లేని ఫొటోతో వాళ్ళు ఎన్నాళ్ళు కొట్లాడతారు? నాలుగు రోజులు పోతే అదే చల్లారుతుంది. నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ రాయకు.

చలపతి


హారిసన్
25 జూన్ 2025

చలపతీ,

నీ ఉత్తరం, నా ఉత్తరం గోల్‌బర్న్ దగ్గర ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుపోయి ఉంటాయి. నాది నీకు అందే ఉంటుంది. చదివి నీ ముఖం ఎలా మారి ఉంటుందో ఊహించుకోగలను. నిన్నటి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తవు.

మెయిల్ పంతొమ్మిదినే వెళ్ళిపోయింది. ఏం రాశానో తెలుసుకో. "ఆ ఫొటోలో ఉన్నది మా తమ్ముడు. ఆ టోపీ అల్లింది నేను. నేను బతిమాలితేనే వెళ్ళాడు. శిక్ష ఏదైనా ఉంటే అది నాది." ఆయన రెండు ముక్కల్లో జవాబిచ్చారు, నిజాయితీగా చెప్పినందుకు సంతోషం, కమిటీ ముందు పెడతాను అని.

ఇప్పుడు అది అబద్ధమని ఇంకో మెయిల్ రాస్తే మరి ఎవరని అడుగుతారు. ఊరుకుంటే నువ్వు పోతావు. నోరు విప్పితే కిట్టు పోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంత చదువుకుని, ఒక టోపీ చూసి మనిషిని నిర్ణయించాను. నేనేం తక్కువ తినలేదు. కానీ నీ మీద వస్తున్న కోపం మాత్రం ఆగడం లేదురా. నేను పొగిడింది ఇంకొకడి పనిని. నువ్వు దాన్ని పెట్టె అడుగున దాచుకున్నావు.

ఎల్లుండి మీ బావ ఆపరేషన్. లేకపోతే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. ఇది ఎక్స్‌ప్రెస్ కవరులో పంపుతున్నాను, ఆదివారం లోపే చేరుతుంది. ఒక్కటే మాట. ఏం చేస్తావో నాకు తెలియదు గానీ కిట్టు పేరు మాత్రం నీ నోటి వెంట రానివ్వకు.

ఆండాళ్


క్వార్టర్స్
1 జులై 2025

అక్కా,

కిట్టు పేరు నా నోటి వెంట రానివ్వద్దన్నావు. రాలేదు.

ఆదివారం అభిషేకం అయ్యాక పదకొండింటికి పై హాల్లో కూర్చోబెట్టారు. ముగ్గురివీ "నాకు తెలియదు" కాగితాలు ఒక పక్క. వాటి పక్కనే నీ మెయిల్ అచ్చు తీసి పెట్టారు. ఈశ్వరప్రసాద్ గారు కళ్ళజోడు తీసి, "చలపతి గారూ, నాకు మీ మీద కోపం లేదు. ఆ పిల్లాడి కోసం వెళ్ళారు, ఐ అండర్‌స్టాండ్. కానీ రాతపూర్వకంగా అబద్ధం చెప్పారు. రేపు ఒక భక్తుడు వచ్చి, శ్మశానం నుంచి వచ్చిన చేత్తో నాకు తీర్థం ఇచ్చారని అడిగితే నేనేం చెప్పాలి? దిస్ ఈజ్ అబౌట్ ట్రస్ట్" అన్నారు. మా అర్జీకి ఇవ్వాల్సిన ఉత్తరం కూడా ఆ బల్ల మీదే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

నేనే వెళ్ళానని ఒప్పేసుకుంటే అయిపోయేది. మెట్లెక్కేటప్పుడు అలాగే అనుకున్నాను, స్వామి మీద ఒట్టు. ఆ ఉత్తరం చూశాక మాట మార్చేశాను. "నేను కాదండీ. మా అక్క పొరబడింది" అన్నాను.

అంతే అన్నాను అక్కా. అంతకుమించి ఒక్క అక్షరం అనలేదు. కానీ ఆ గదిలో ఉన్న అర్చకులం ముగ్గురమే. పెద్దాయన చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. నేను కాదంటే ఇంకెవరో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఎవరూ అడగలేదు. అందరూ కిట్టు వైపు తిరిగి చూశారు. నేనూ చూశాను.

కిట్టు లేచి నిలబడి, "నేనే పోయిన సార్. అన్నకేం సంబంధం లేదు" అన్నాడు. టోపీ సంగతి అడిగితే చలేసి తాడు మీద ఆరేసింది తీసుకున్నానని చెప్పాడు. నన్ను కాపాడాడు చూడు, అప్పుడు కూడా. ద్వారకానాథాచార్యుల గారు తలెత్తలేదు.

కిట్టుని రాజీనామా ఇమ్మన్నారు. పదో తారీఖు పొద్దున విమానం. మా ఉత్తరం మీద సంతకం అయింది. ఉదయశ్రీ దాన్ని దేవుడి దగ్గర పెట్టలేదు, బీరువాలో పడేసింది. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

కిట్టు నిన్న వచ్చి, "అన్నా, వెనకాల వంకాయ మొక్కలకు నీళ్ళు పొయ్యుండ్రి, మర్చిపోకుండ్రి" అని చెప్పి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చలపతి


హారిసన్
12 జులై 2025

చలపతీ,

గురువారం తెల్లారగట్ల బయలుదేరి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. కిట్టుని ఎప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టాను. మా ఇద్దరికీ పది నిమిషాలు దొరికాయి. అతని భార్య సింధుజ పెట్టెలు తూకం వేయిస్తూ నా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. నేను ఆ అమ్మాయిని తప్పుపట్టను.

కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపాడు. "మీరు పెద్దోళ్ళు, గట్ల చెయ్యద్దక్కా. ఆ పిలగాని తండ్రి ఫోన్ల ఏడ్సుకుంట గోత్రం జెప్పిండు, నాకు గదే జాలు" అన్నాడు. నీ గురించి అడిగాను, కోపం ఉందా అని. "అన్న మంచోడే. భయపడ్డడు. పిల్ల ఉన్నది గదా" అన్నాడు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. వివేక్ మొదటివాడు కాదట. ఈ రెండేళ్ళలో ఏడుగురికి చేశాడట, ఎవరూ లేనివాళ్ళకి, పిలిచినా ఎవరూ రానివాళ్ళకి. ప్రతిసారీ జ్వరమని పడుకునేవాడట. నీకు ఆ జ్వరాలన్నీ తెలిసే ఉండాలి. అతని వంతులు చేసింది నువ్వే కదా. అడిగి తెలుసుకోవడం లేదు, ఊరికే అంటున్నాను.

లోపలికి వెళ్ళే ముందు వెనక్కి తిరిగి, "నాకేం గాదక్కా. ఊర్ల గుడి ఉన్నది. గని ఇగ ఎవరన్న పోతే ఆ ఫోన్ ఎవరెత్తుతరు?" అన్నాడు.  మూడు గంటలు కారు నడుపుకుంటూ తిరిగి వచ్చాను.

ఆ ఐదుగురు పూజారుల జవాబు దొరకలేదని ఇన్నాళ్ళూ బాధపడేదాన్ని. ఇప్పుడు అనిపిస్తోంది, వాళ్ళకు మంచిదే అయిందని. ఏం చెప్పి ఉన్నా ఆ మాటను వాళ్ళ పేర్లు రెండు వేల ఏళ్ళు మోయాల్సి వచ్చేది.

నిన్ను వదులుకోలేను. నా చేత్తో కూడా జరిగింది కాబట్టి నిన్ను తిట్టే హక్కు కూడా సగమే మిగిలింది. కొన్నాళ్ళు మాత్రం నాకు ఉత్తరం రాయకు.

ఆండాళ్


క్వార్టర్స్
24 జులై 2025

అక్కా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి చించేయి.

తెలిసే ఉండాలి అన్నావు. తెలుసు. ఏడు జ్వరాలూ తెలుసు. ఒక్కసారీ అడగలేదు, అడిగితే తెలిసినట్టు అవుతుందని.

మంగళవారం పొద్దున ఒకమ్మాయి అర్చన టికెట్ల కిటికీ దగ్గరికి పరుగెత్తుకు వచ్చింది. మనవణ్ణి చూడ్డానికి వచ్చిన వాళ్ళమ్మ కనకదుర్గ గారు శుక్రవారం రాత్రి నిద్రలోనే పోయారట, ఆ మధ్యాహ్నమే దహనమట. ఎవరో కిట్టు నంబరు ఇస్తే అది పలకడం లేదట. కిటికీలో కూర్చున్న కుర్రాడు, "ఇక్కడ అలాంటివి చేయరండీ" అన్నాడు. అది మేం నేర్పిన మాటే. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే నేను లోపల హారతి పళ్ళెం తుడుస్తున్నాను.

పళ్ళెం కింద పెట్టి బయటికి వచ్చి, వస్తానని చెప్పాను. 

ఈశ్వరప్రసాద్ గారు ప్రదక్షిణ చేస్తున్నారు. ఎదురెళ్ళి చెప్పాను. "నేను ఒక చావు కర్మకు వెళ్తున్నానండీ. ఎవరో ఫొటో పంపేదాకా మీరు ఆగక్కర్లేదు. శుద్ధి అయ్యేదాకా గర్భగుడిలోకి రాను. కిట్టు కూడా ఎప్పుడూ రాలేదు, అది నాకు తెలుసు. ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు."

"చలపతి గారూ, దీని అర్థం ఏమిటో తెలిసే మాట్లాడుతున్నారా?" అన్నారు.

"తెలుసండీ."

"మీ ఉత్తరం మీద నేను సంతకం పెట్టాను."

"వెనక్కి తీసుకోండి. మీ చేతిలోదే."

 ఆదివారం కమిటీలో మాట్లాడుకుందాం అన్నారాయన. గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఇంటికి వచ్చి చెబితే ఉదయశ్రీ పంచె ఇస్త్రీ చేసి ఇచ్చింది. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట, "చలిగా ఉంది, లోపల బనీను వేసుకోండి." రుచిత స్కూలు మానేసి కారు ఎక్కి కూర్చుంది. "నాన్నా, ఐ యామ్ కమింగ్. ఇండియా వాళ్ళకి వీడియో సమ్‌బడీ హ్యాజ్ టు హోల్డ్, కదా" అంది. గంటన్నర సేపు ఫోను కదలకుండా పట్టుకుంది నా కూతురు. రాజమండ్రిలో కనకదుర్గ గారి అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని చూశారు. నేను రెండుచోట్ల మంత్రం తడబడ్డాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

మొన్న కిట్టుకి ఫోన్ చేశాను. క్షమించమని అడిగాను.  అతను ఏడుగురిలో నలుగురి సంవత్సరీకాలు ఎప్పుడొస్తాయో తిథులు చెప్పి రాసుకోమన్నాడు. రాసుకున్నాను.

ఇవాళ పొద్దున నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించాను. ఎవరైనా పోయి, ఎవరూ లేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని, కింద నా పేరు, నంబరు. ఆదివారం ఏమవుతుందో తెలియదు. ఉదయశ్రీ ముందుజాగ్రత్తగా ఇత్తడి గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. నువ్వు రావద్దు, ఎవరికీ ఏమీ రాయొద్దు. ఈసారి నేనే చెప్పుకుంటాను.

సాయంత్రం దాకా ఆ కాగితాన్ని ఎవరూ చింపలేదు. ఇందాకే మొదటి ఫోను వచ్చింది. ద్వారకానాథాచార్యుల గారు, పక్క గదిలోంచి. కమిటీ కూర్చున్న రోజు నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడింది లేదు.

"బోర్డు మీద నంబరు చూశానయ్యా చలపతీ. నేను పోతే ఈ దేశంలో నాకెవరున్నారు? నువ్వు రావాలి. వస్తానని ఇప్పుడే చెప్పు, నా చెవులతో వింటాను" అన్నారు.

వస్తానన్నాను.

నీ తమ్ముడు,
చలపతి